ఎర్రబడ్డ ఇత్తడి

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు నా దగ్గరికొచ్చి, "ముందు ఏం నేర్చుకోవాలి సార్?" అని అడుగుతుంటారు. లేతు పనా, వెల్డింగా, ఇంజను విప్పడమా అని వాళ్ళ ఉద్దేశం. ముందు భయపడటం నేర్చుకోండి నాయనా అంటాను. ముసలాయనకి చాదస్తం అనుకుని నవ్వుకుంటారు. నవ్వుకోండి, నాకేం. మిగతావన్నీ ఎవరైనా నేర్పుతారు. ఏ లోహం దగ్గర దేనికి భయపడాలో మాత్రం ఎవరూ చెప్పరు. అది చెబుదామనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నేను పనిచేసింది నెల్లూరు కోస్తాలో, బోగోలు వైపు, సముద్రంలో కలిసే ఒక కాలువ గట్టున ఉన్న చిన్న మరమ్మతు షెడ్డులో. యాభైల చివర్లో చేరాను. తెరచాపలతో, తెడ్లతో వేటకెళ్ళే ఊళ్ళలోకి డీజిల్ ఇంజను పడవలు ఒకటీ అరా వస్తున్న రోజులవి. నా ప్రమోషన్లూ బదిలీలూ ఎవరికి కావాలి? వాటిని వదిలేస్తున్నాను. మాది విడవలూరు దగ్గర వరి పండించే ఊరు. సముద్రమంటే మొదటినుంచీ నాకు గుండెదడ. ఈత కూడా రాదు. ఈత రానివాడు పడవల పనికెందుకొచ్చాడని అందరూ ఎగతాళి చేసేవాళ్ళు. ఇంజన్లంటే పిచ్చి, అందుకని వచ్చాను.

నాయుడు గారి గోరు

మా ఫోర్‌మన్ రాఘవులు నాయుడు గారు. ఆయన తిట్లు మొదలుపెడితే షెడ్డు మీద కాకులు లేచిపోయేవి. అంతటి మనిషికీ లోహాలంటే భయం. ఏ ముక్క చేతికొచ్చినా ముందు గోటితో గీకేవారు. తర్వాత వేలి కణుపుతో తట్టి చెవి దగ్గర పెట్టుకునేవారు. మంచి లోహమైతే ఖంగుమంటుంది. చచ్చిన లోహం మట్టి పెళ్ళలా మొద్దుగా పలుకుతుంది.

"ఇనుము మంచిదిరా అబ్బయ్యా," అనేవారు. "చెడిపోతే తుప్పు పట్టి, రాలి, నీ చొక్కా పాడుచేసి మరీ చెప్తాది. ఈ రాగి జాతి ఉండాదే, ఇది నవ్వతానే ఉంటాది. నవ్వతానే చస్తాది. నీకు తెలవనే తెలవదు."

ఆ మాట నాకు మొదట అర్థమైంది ఒక రాగి గొట్టం దగ్గర. ఇంజనుకు డీజిలు తెచ్చే సన్న గొట్టం రాగిది. రాగి మెత్తన, చేత్తో వంచినా వంగుతుంది, ఉప్పుగాలికి ఇనుములా కుళ్ళిపోదు. అందుకే దాన్ని వాడతారు. అయితే రాగికి ఒక గుణం ఉంది. వంచేకొద్దీ, అదిరేకొద్దీ బిరుసెక్కుతుంది. ఇంజను దడదడలాడుతుంటే గొట్టమూ రోజూ అదురుతుంది. పైకి మాత్రం నిన్న ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంటుంది. ఒక రోజు, షెడ్డుకి ఎదురుగా కాలువలోనే, ఒక పడవలో గొట్టం పుటుక్కున విరిగి డీజిలు వేడి ఇంజను మీద చిమ్మింది. గుప్పుమని పొగ లేచింది. మంట ఎందుకంటుకోలేదో ఆ దేవుడికే తెలియాలి. పడవలో ముగ్గురు మనుషులున్నారు. నేను గట్టు మీదే నిలబడిపోయాను. నాయుడు గారే నడుము లోతు నీళ్ళలో నడిచెళ్ళి డీజిలు కట్టేశారు.

ఒడ్డుకొచ్చాక ఆయన తడిబట్టలైనా మార్చుకోలేదు. విరిగిన గొట్టాన్ని కొలిమిలో ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచారు. ఉక్కుని అలా ముంచితే గట్టిపడుతుంది, రాగి మెత్తబడుతుంది. నిమిషం కిందట ఎండు పుల్లలా విరిగిన గొట్టం నా చేతిలో తాడులా వంగింది. సీజనుకోసారి గొట్టాలన్నీ విప్పి, రాగి వాషర్లతో సహా, అలా కాల్చి పెట్టాలని ఆ రోజే నేర్చుకున్నాను. మీకు తీరిక ఉన్నా లేకపోయినా ఆ పని చెయ్యండి. బాగానే ఉందిగా అని వదిలేసే మాట వినిపిస్తే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అడుగు కొళాయి

ఇంజను చల్లబడాలంటే నీళ్ళు కావాలి. సముద్రంలో నీళ్ళకేం కరువు? పడవ అడుగున, నీటి మట్టానికి కింద, చెక్కకి కన్నం పెట్టి ఒక కొళాయి బిగిస్తారు. చెత్త లోపలికి పోకుండా బయటివైపు జల్లెడ మూత ఉంటుంది. ఒక్కసారి ఆలోచించండి. మనుషుల్ని మోసే పడవకి మనమే అడుగున కన్నం పెడుతున్నాం. వాళ్ళకీ సముద్రానికీ మధ్య ఉన్నది వేలెడు మందం కూడా లేని లోహం.

అందుకే ఆ కొళాయిని గన్‌మెటల్‌తో పోస్తారు. రాగిలో తగరం కలిపిన లోహమది, మన ఇళ్ళలోని కంచుకి దగ్గరి చుట్టం. ఏళ్ళ తరబడి ఉప్పునీళ్ళలో నానినా దానికేం కాదు. ఇత్తడి సంగతి వేరు. ఇత్తడంటే రాగిలో తుత్తునాగం, అంటే జింకు. చవక, పోత పోయడం తేలిక, తోమితే బంగారంలా ఉంటుంది. బిందెకీ, దీపపు కుందికీ, తలుపు గడియకీ దాన్ని మించింది లేదు. సముద్రంలో ముంచారా, ఉప్పునీళ్ళు అందులోంచి తుత్తునాగాన్ని మాత్రం ఏరుకుని తినేస్తాయి. రాగి మిగులుతుంది. ఆకారం అలాగే ఉంటుంది, మర చుట్లు కూడా చెక్కుచెదరవు. లోపల మాత్రం సారం ఉండదు. పైకి కనిపించే గుర్తు ఒక్కటే, పచ్చగా ఉండాల్సిన ఇత్తడి ఎర్రబడుతుంది.

ఇంకో సంగతి. ఇంజను ఆపగానే అడుగు కొళాయి కట్టెయ్యాలన్నది నాయుడు గారి ఆజ్ఞ. లోపల ఎక్కడ గొట్టం ఊడినా పడవలోకి నీళ్ళు రావు. ఆయన రిటైరయ్యాక ఆ మాటని నేను ఇంజను తోలే ప్రతివాడి చెవిలోనూ నూరిపోశాను. కట్టకుండా వచ్చినవాణ్ణి నలుగురిలో కడిగేసేవాణ్ణి. అందరికంటే శ్రద్ధగా విన్నవాడు చెంగయ్య. వాళ్ళ నాన్న పోలయ్యది ఇంజను పడవ. తండ్రి చుక్కాని పడితే చెంగయ్య ఇంజను చూసుకునేవాడు, వాడి తమ్ముడూ ఇంకొకరూ వల పని చేసేవాళ్ళు. వల వేసేటప్పుడు ఇంజను ఆపాలి గదా, ఆపిన మరుక్షణం చెంగయ్య చెయ్యి కొళాయి మీద ఉండేది. వాణ్ణి చూసి నేర్చుకోండిరా అని మిగతా వాళ్ళకి చెప్పేవాణ్ణి.

కావమ్మ పిడికిలి

వానలు వెనకబట్టాక ఆ ఊళ్ళలో వేట మొదలవుతుంది. అంతకుముందు పడవల్ని ఇసుక మీదికి లాగి మగవాళ్ళు అడుగు చెక్కలకి కీలు, అంటే తారు, పూస్తారు, ఆడవాళ్ళు ఇత్తడి తోముతారు. చింతపండు, ఇటుక పొడి పెట్టి, గడియల దగ్గర్నించి అడుగున ఉన్న జల్లెడ మూతదాకా మెరిపించాలి. అప్పుడే పసుపు కుంకుమ పెట్టి పడవని నీళ్ళలోకి తోస్తారు. ఆ తోమేటప్పుడు ఏదైనా విరిగితే మహా అపశకునం. ఆడమనిషి చేతిలో విరిగితే ఇక చెప్పక్కర్లేదు, ఆ ఏడాదంతా ఏ చిన్న నష్టమొచ్చినా ఆమె నెత్తినే రుద్దుతారు.

ఆ ఏడు పోలయ్య ఇంజను ఎద్దుల బండి మీద మా షెడ్డుకొచ్చింది. పడవ మాత్రం వాళ్ళ ఊరి ఇసుకలోనే ఉండిపోయింది. ఇంజను బాగుచేసి పంపించాను. పసుపు కుంకుమలయ్యాయి, తెల్లవారుతూనే పడవ సముద్రంలోకి వెళ్ళింది. బాగా పొద్దెక్కాక పోలయ్య భార్య కావమ్మ షెడ్డు గుమ్మంలో కనిపించింది. కుడిచేతి పిడికిలి బిగించి, దాని మీద కొంగు కప్పుకుని ఉంది.

"తిట్టమాకయ్యా," అంది. "తిట్టనని ముందు చెప్పు."

"ఏమైందమ్మా?"

"మా ఆయనకి చెప్పబాక. ఊళ్ళో తెలిస్తే నన్ను బతకనీరు. గుట్టుగా అతికి మాటేసిచ్చినావంటే వాళ్ళొచ్చినాక పెట్టేస్తాను."

పిడికిలి విప్పింది. జల్లెడ మూత ముక్క. నిన్న తోముతుంటే చేతికొచ్చేసిందట, గట్టిగా కూడా పట్టుకోలేదట, అమ్మతోడట. నేను ముక్క తీసుకుని గోటితో గీకాను. తట్టాను. మట్టి పెళ్ళలా పలికింది. రెండు వేళ్ళ మధ్య పెట్టి నొక్కితే రెండు ముక్కలైంది. విరిగినచోట లోపలిదాకా ఎరుపు.

"ఇది ఇత్తడి గదా! యాడిదమ్మా ఇది?"

"రెండేళ్ళనాడు తడ ఊరి పక్కకి వేటకి పోయినప్పుడు పడవ ఇసుక దిబ్బకి కొట్టుకోలా? కింద కొళాయి పగిలిపోయింది. ఆడనే పోత పోసేటాయన కాడ పాత బిందెలు కరిగించి కొత్తవి పోయించినారు. కొళాయీ, ఈ మూతా. బంగారం మాదిరి ఉండింది సామీ."

"ఎర్రగా ఎప్పట్నించి ఉండాది?"

"చింతపండు పెట్టి తోమితే ఎర్రగా రాదా ఏంది? మా ఇంట్లో బిందెలన్నీ అంతే గదా. ఎంత బాగా తోమినానో అని నేను సంబరపడినా."

ఆమె చెప్పింది నిజమే. పులుపు తగిలితే మంచి ఇత్తడి కూడా పైపైన ఎర్రబడుతుంది. రెండేళ్ళుగా సముద్రం చేస్తున్న హెచ్చరికని ఆ ఇల్లంతా చింతపండు చలవ అనుకుంది.  మూత పోతే పోయింది, దాని వెనకున్న కొళాయిదీ అదే పోత. ముట్టుకోకుండా ఉంటే ఇంకొన్నాళ్ళు నిలబడుతుందేమో. కానీ అవతల ఉన్నది చెంగయ్య. ఇంజను ఆపగానే ఒడుపుగా, గట్టిగా, నేను నేర్పినట్టే దాన్ని తిప్పి కడతాడు. వేరేవాడైతే మర్చిపోయేవాడేమో. వాడు మర్చిపోడు.

"ఏందయ్యా అట్లా చూస్తుండావు?" కావమ్మ గొంతు మారింది. "వాళ్ళకేమన్నా అవుతాదా? ఒక్క మాట చెప్పు. నా మొగుడూ నా ఇద్దరు బిడ్డలూ దాంట్లోనే ఉండారు."

ఏమీ కాదమ్మా అనబోయి, ముక్కలు ఆమె చేతిలోనే పెట్టేసి, మీ మరిది ఎక్కడున్నాడని అడిగాను.

నీళ్ళ మీద

పోలయ్య తమ్ముడు ఆదెయ్యకి తెరచాప పడవ ఉంది. వల ఎక్కడ వేస్తారో అతనికి తెలుసు. మెత్తటి కొయ్యతో చెక్కిన బిరడాలు రకరకాల సైజులవి, పాత గుడ్డలు, కొవ్వు డబ్బా, సుత్తి సంచీలో వేసుకుని అతని దగ్గరికి పరుగెత్తాను. ఇవి తీసుకుని నువ్వెళ్ళు అన్నాను.

"నువ్వు గూడా రావాల. ఏది యాడ కొట్టాలో మాకేం తెలుసు?"

"నాకు ఈత రాదు ఆదెయ్యా."

"పడవలో కూర్చునేదానికి ఈత ఎందుకు? ఎక్కు ముందు!"

ఎక్కాను. కాలువ సముద్రంలో కలిసే మొగ దాటుతున్నప్పుడు అలలు పడవని లేపి వేస్తుంటే కళ్ళు మూసుకుని తాడు పట్టుకున్నాను. కడుపులో ఉన్నదంతా బయటికొచ్చింది. ఎవడైనా నవ్వుతాడేమో అని చూశాను. ఎవరూ నవ్వలేదు, ఆదెయ్యా అతని మనుషులూ ముందుకే చూస్తున్నారు. గాలి ఆడీ ఆడనట్టు ఉంది. ఈపాటికి వల వేసుంటారు, ఈపాటికి ఇంజను ఆపుంటాడు అని నాలో నేనే అనుకుంటూ కూర్చున్నాను. ఒడ్డు కనపడకుండా పోయింది. నా కోసం భయపడుతున్నానో వాళ్ళ కోసమో కూడా తెలియలేదు.

పోలయ్య పడవ కనపడగానే ఆదెయ్య లేచి నిలబడ్డాడు. మామూలుగా తేలుతున్నట్టు లేదది, అంచుదాకా కుంగి ఉంది. ముగ్గురు మనుషులు డబ్బాలతో నీళ్ళు తోడి పోస్తున్నారు. మమ్మల్ని చూసి పోలయ్య అరిచాడు.

"కట్టినాడు! కట్టంగానే ఊడి చేతికొచ్చేసింది! గుడ్డలు కుక్కితే అంచు గూడా రాలిపోతా ఉండాది!"

వాళ్ళ పడవలోకి ఎలా దూకానో నాకు గుర్తులేదు. ఇంజను గుంతలో చెంగయ్య ఛాతీదాకా నీళ్ళలో కూర్చుని ఉన్నాడు. రెండు చేతులూ నీళ్ళ అడుగున ఉన్నాయి. తలగుడ్డ చుట్టిన అరచేతిని కన్నానికి అదిమిపట్టి, పొద్దుటినుంచీ అలాగే ఉన్నాడు. పెదాలు తెల్లబడిపోయాయి.

నీళ్ళలో చెయ్యి పెట్టి వేళ్ళతో తడిమాను. కొళాయి మొదలు తగిలింది, తగలగానే పొరలు పొరలుగా ఊడొచ్చింది. సుత్తి మీదికి వెళ్ళిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. లోపలినుంచి బిరడా పెట్టి కొడితే మిగిలిన ఇత్తడి కూడా పగిలిపోతుంది, వెనకాల సముద్రం తోస్తూనే ఉంటుంది. ఆ ఇత్తడిని ఇక నమ్మడానికి లేదు. దాని చుట్టూ ఉన్న చెక్కని నమ్మాలి. బయట మిగిలిన మూతని పీకేసి, అటునుంచి పెద్ద బిరడా పెడితే అది చెక్క కన్నానికే అతుక్కుంటుంది, ఇందాకటిదాకా ముంచుతున్న నీళ్ళే దాన్ని అదిమిపెడతాయి.

కొవ్వు పూసి గుడ్డ చుట్టిన బిరడా ఆదెయ్యకిచ్చాను. నడుముకి తాడు కట్టుకుని దిగాడు. కన్నం దగ్గరికి చేరగానే అడుగు చెక్క మీద కొడతానన్నాడు. అప్పుడు చెంగయ్య చెయ్యి తియ్యాలి. నీళ్ళు తోడేవాళ్ళు కూడా ఆగిపోయారు. కింద టకటకమని వినపడింది.

"తియ్యి," అన్నాను.

చెంగయ్య తియ్యలేదు.

"తియ్యరా, వాడు నీళ్ళ కింద ఉండాడు!"

"రావడం లేదు సార్. వేళ్ళు రావడం లేదు."

బిగుసుకుపోయాయి. నేనే నీళ్ళలో మునిగి ఒక్కొక్క వేలూ ఊడదీశాను. చెయ్యి వచ్చేయగానే నీళ్ళు నా మొహాన్ని కొట్టాయి. అయిపోయింది, అందరం పోయాం అనుకున్నాను. తర్వాత ఆ తోపు ఆగింది. నీళ్ళలోంచి తల ఎత్తి చూస్తే ఆదెయ్య పడవ పక్కన తేలి దగ్గుతున్నాడు. పోలయ్య వాళ్ళు మళ్ళీ డబ్బాలందుకున్నారు.

చెంగయ్య నా వైపు చూశాడు. 

"మీరు చెప్పినట్టే ఇంజను ఆపంగానే కట్టినాను సార్. నేనేమన్నా తప్పు చేసినానా?"

లేదురా నాయనా, నువ్వే తప్పూ చేయలేదు అన్నాను. అంటూనే ఏడ్చేశాను. అంతమంది మగవాళ్ళ మధ్య ఏడ్చినందుకు నాకేం సిగ్గు లేదు.

ఒడ్డు

తెరచాప పడవే ఇంజను పడవని లాక్కొచ్చింది. ఊరంతా ఒడ్డున ఉంది. కొడుకులిద్దరూ దిగేదాకా కావమ్మ కదల్లేదు. దిగాక పోలయ్య ఎదురుగా వచ్చి, అందరి ముందూ పిడికిలి విప్పింది. నేను విరిచిన రెండు ముక్కలూ అందులో ఉన్నాయి.

"నిన్న నా చేతిలోనే విరిగింది. అపశకునమంటారని దాచినాను. కొట్టేదయితే ఇప్పుడే కొట్టు."

పోలయ్య చెయ్యి లేచింది. చెంగయ్య అడ్డం రాబోయాడు. పోలయ్య కొట్టలేదు, ఒక ముక్క తీసుకున్నాడు. ఎందుకో దాన్ని బొటనవేలితో నొక్కాడు. అది నలిగి అతని వేళ్ళ మధ్య నుంచి ఇసుకలోకి రాలింది. అలాగే కూలబడిపోయాడు.

"ఇదా," అన్నాడు. "రెండేళ్ళు మేం దీని మీదనా తిరిగింది?"

ఆ తర్వాత ఆ ఊళ్ళో ఆచారం కొంచెం మారింది. తోమేటప్పుడు ఏది విరిగినా, వదులైనా, దానికి కుంకుమ బొట్టు పెట్టి ముందు షెడ్డుకి తెచ్చేవాళ్ళు. అది చూశాకే పడవ నీళ్ళలోకి. తోమడం మాత్రం మానలేదు, నేనూ మానమనలేదు. ఎర్రగా వస్తే తట్టి చూడండమ్మా అని చెప్పాను. ఆ ఊరి ఆడవాళ్ళు వేలి కణుపుతో కొళాయిల్ని తట్టి చెవి ఆనించి వినడం నాయుడు గారు చూసుంటే ఏమనేవారో అనుకునేవాణ్ణి.

ఇక మీకు చెప్పేది. గన్‌మెటల్ ఎక్కడ వాడాలో, ఇత్తడి ఎక్కడ వాడకూడదో పుస్తకాల్లో ఉంది, చదువుకోండి. పుస్తకంలో లేనిది ఒకటుంది. విరిగిన ముక్క పట్టుకుని మీ దగ్గరికి ఎవరొచ్చినా తిట్టకండి. నోటి దురద ఎంతున్నా ఆపుకోండి. ఇవాళ తిట్టారంటే రేపు ఆ ముక్కని పిడికిట్లో దాచేస్తారు. దాచిన ముక్క సంగతి మనకి సముద్రమే చెబుతుంది.

కావమ్మ మాత్రం ప్రతి ఏటా, పడవ బయల్దేరే ముందు, పిడికిలి బిగించుకుని షెడ్డుకొచ్చేది. "తిట్టవు గదా?" అనేది. తిట్టను, చూపించమ్మా అనేవాణ్ణి. ఒకసారి పిడికిలి విప్పితే అందులో ఏమీ లేదు.

"ఈ ఏడు ఏమీ విరగలా," అంది. "ఆ సంగతి చెప్పిపోదామని వచ్చినా."

సంతోషం అన్నాను. ఆమె వెళ్ళిపోయింది. ఆ ఖాళీ అరచెయ్యి చూశాక కూడా నా దడ తగ్గలేదు. చెంగయ్య పడవ మళ్ళీ కాలువ మొగలోకి వచ్చేదాకా నేను గట్టు మీదే నిలబడ్డాను.